హైదరాబాద్ నుంచి విశాఖకు: విమానంలో నిజంగా ఎంత సమయం కలిసివస్తుంది?

శంషాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన సుమారు 510 కిలోమీటర్లు. రైలులో వరంగల్, విజయవాడ, రాజమండ్రి మీదుగా వెళితే అది దాదాపు 700 కిలోమీటర్లు అవుతుంది. జెట్ విమానం పూర్తి వేగం అందుకుంటే ఈ దూరానికి నలభై నిమిషాలు చాలు. అయినా టికెట్టు మీద గంటా పదిహేను నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. రన్‌వే దాకా మెల్లగా సాగడానికి, పైకెక్కడానికి, ఆ ఎత్తులో కాసేపు ఎగిరీ ఎగరకముందే మళ్లీ దిగడానికి పట్టే సమయమంతా అందులోనే కలిసి ఉంటుంది. అదే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానమైతే ఇంకొంత ఎక్కువ పడుతుంది.

అసలు లెక్క ఇంటి గడప దగ్గర మొదలవుతుంది. సికింద్రాబాద్, ఉప్పల్ వైపు ఉండేవారికి శంషాబాద్ చేరడానికే గంట పైగా పడుతుంది. సామాను కౌంటరు బయలుదేరే వేళకు గంట ముందే మూసేస్తారు కనుక ఇంకాస్త ముందుగా అక్కడ ఉండాలి. దిగాక బెల్టు మీద పెట్టె కోసం నిలబడడం, ఊళ్లోకి వెళ్లడం కూడా కలిపితే అయిదు గంటలు సులువుగా దాటిపోతాయి. సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో ప్రయాణం సుమారు ఎనిమిదిన్నర గంటలు. గచ్చిబౌలి వైపు ఉండి, ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని నేరుగా విమానాశ్రయం చేరగలవారికి విమానమే మేలని నా అభిప్రాయం. స్టేషనుకు దగ్గరలో ఉండి, వెంట పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారికి మాత్రం రైలునే గట్టిగా సిఫారసు చేస్తాను. భద్రతా తనిఖీ వరుసలో పెద్దవాళ్లు అంతసేపు నిలబడవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగించింది. చక్రాల కుర్చీ అవసరమైతే టికెట్టు కొనేటప్పుడే తప్పక అడగండి.

అయితే విమానం సముద్రం వైపు నుంచి తిరిగి దిగిన రోజున కిటికీ పక్కన కూర్చున్నవారికి ఓడరేవు క్రేన్లు, డాల్ఫిన్స్ నోస్ కొండ, ఆ వెంటనే రన్‌వే కనిపిస్తాయి. అంత అందమైన రాక మన ఊళ్లలో అరుదు. ఈ రన్‌వే నౌకాదళ వైమానిక స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాది కాబట్టి ఇక్కడ ఫోటోలు తీయకూడదు. విమానాశ్రయం ఊరికి దగ్గరగా ఉండడం పెద్ద సౌకర్యం. విమానాలు ఊరికి దూరంగా ఉన్న భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిస్తే ఊళ్లోకి రావడానికి మరో గంటైనా కలుపుకోవాలి.

బస విషయంలో, రామకృష్ణా బీచ్‌, కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడదలచినవారికి బీచ్ రోడ్డు హోటళ్లే అనుకూలం, అద్దె కాస్త ఎక్కువైనా సరే. అరకు వెళ్లేవారు మాత్రం రైల్వే స్టేషనుకు దగ్గరైన ద్వారకానగర్ పరిసరాల్లో దిగడం మంచిది, ఎందుకంటే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజరు రైలు ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. ఆ రోజు పొద్దున విమానంలో దిగి దాన్ని అందుకోవడం కుదరదు, ముందురోజే విశాఖ చేరి ఉండాలి.