థీసిస్ కోసం కొన్న 5 లీటర్ల స్టీల్ కుక్కర్: ఏడాది వాడాక నా అనుభవం

ఎండీ పాథాలజీలో నా థీసిస్ రొమ్ము క్యాన్సర్‌లో కేఐ-67 (విభజన చెందుతున్న కణాల న్యూక్లియస్‌లో ఉండే ప్రొటీన్) మీద, 50 కేసులు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే యాంటీబాడీలతో టిష్యూలోని ప్రొటీన్‌కి రంగు పట్టించడం, అంతా చేత్తో చేసుకోవాల్సిందే. టిష్యూ పాడవకుండా వాడే ఫార్మాలిన్ అందులోని ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది. స్లైడ్లను బఫర్‌లో (పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణంలో) బాగా వేడి చేసి ఆ బిగింపు వదిలిస్తే తప్ప యాంటీబాడీకి దారి దొరకదు. దాన్నే యాంటిజెన్ రిట్రీవల్ అంటాం. మొదట మైక్రోవేవ్‌లో చేశాను. బఫర్ పొంగిపోయేది. ఒకే సెక్షన్‌లో (స్లైడ్ మీది పల్చటి టిష్యూ పొరలో) ఒక మూల ముదురు గోధుమరంగు, ఇంకో మూల ఏమీ ఉండేది కాదు. కేఐ-67 అంటే రంగు పట్టిన న్యూక్లియస్‌లను లెక్కపెట్టి శాతం రాయడమే కదా, అలాంటి స్లైడ్ మీద ఏ శాతం రాయను? రెండు నెలలు టెన్షన్‌తో సరిగా నిద్ర లేదు.

కుక్కర్ కొనమన్నది మా టెక్నీషియన్ గారు. స్లైడ్ల రాక్ చేత్తో పట్టుకుని కాకినాడ మెయిన్ రోడ్డులో స్టీల్ సామాన్ల షాపుకి వెళ్లాను. 3 లీటర్ల దాంట్లో రాక్ పెడితే మూత పడలేదు, 5 లీటర్ల దాంట్లో హాయిగా కూర్చుంది. దాదాపు 2,500 రూపాయలైంది. అల్యూమినియంది చవకే కానీ వద్దు. సిట్రేట్ బఫర్ ఆమ్లం, అల్యూమినియాన్ని తినేస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. లీటరు నీటికి 2.94 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ కలిపి పీహెచ్ 6.0కి తెస్తాను. స్లైడ్లు పూర్తిగా మునగాలి కాబట్టి ఒకటిన్నర లీటర్లు పోస్తాను. బఫర్ మరిగాక రాక్ దించి మూత పెడతాను. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, గడియారం చూసి 3 నిమిషాలు. విజిల్స్ లెక్కపెట్టడం పప్పుకి సరిపోతుంది, దీనికి పనికిరాదు. వెయిట్ సరిగ్గా ఉంటే లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది, మామూలు గిన్నెలో ఎంత మరిగించినా 100 దాటదు. తేడా అంతా అక్కడే.

అసలు జాగ్రత్త దించాక. "మేడమ్, దానంతట అది చల్లారాలి, వెయిట్ ఎత్తకండి" అని టెక్నీషియన్ గారు మొదటిరోజే చెప్పారు. మూడో బ్యాచ్ రోజు సెమినార్‌కి టైమైపోతోందని స్పూన్‌తో వెయిట్ ఎత్తాను. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి బఫర్ కుతకుతలాడింది, నాలుగు స్లైడ్ల మీద సెక్షన్లు లేచిపోయాయి. రొమ్ము టిష్యూలో కొవ్వు ఎక్కువ, అసలే సరిగా అంటుకోదు. అందులో ఒకటి చిన్న బయాప్సీ, దాని మైనపు బ్లాకులో ఇక టిష్యూ మిగల్లేదు. ఒక పేషెంట్ ఇచ్చిన ముక్కని నా తొందర వల్ల పోగొట్టానని ఇప్పటికీ బాధే. అప్పటినుంచి టిష్యూని గట్టిగా పట్టుకునే చార్జ్‌డ్ స్లైడ్లే వాడుతున్నాను, ముందురోజు రాత్రి 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచుతాను. స్టవ్ ఆపాక కుక్కర్‌ని 20 నిమిషాలు ముట్టుకోను.

లోపాలు లేకపోలేదు. వేడి ఎంతుందో చూపించే మీటర్ లేదు. రబ్బరు గాస్కెట్ ఆరు నెలలకే వదులై పక్కల నుంచి ఆవిరి పోయింది, ఆ రోజు రంగు పేలవంగా వచ్చింది. టాన్సిల్ కంట్రోల్ (రంగు తప్పక పట్టాల్సిన టాన్సిల్ టిష్యూ స్లైడ్) పక్కనే ఉండబట్టి తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. కంట్రోల్ లేకుండా ఒక్క బ్యాచ్ కూడా పెట్టకండి.

గాస్కెట్ మార్చాక టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్లలో (కణాలు వేగంగా విభజన చెందే చోట్లలో) ఒక్కో న్యూక్లియస్ విడివిడిగా గోధుమరంగులో కనిపించింది. కొనేటప్పుడే ఇంకో గాస్కెట్ తీసుకోండి. మూత మీద ఎర్ర పెయింట్‌తో "ల్యాబ్‌ది, వంటకి వాడొద్దు" అని రాయండి. మా హాస్టల్ వంటగది పక్కనే, నేను అదే రోజు రాశాను.