వాలెంటైన్ కథ: పిల్ల చదవాలా, మనం చెప్పాలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్లు. బడిలో ఒడియా, ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ఫిబ్రవరి 14 మీద నవ్వించే ఇంగ్లిష్ చాప్టర్ బుక్ ఒకటి కొనిచ్చాను. తననే చదువుకోనివ్వడమా, నేను తెలుగులో చెప్పడమా?

తనే చదివితే మంచిదే. అధ్యాయాలు చిన్నవి, పూటకొకటి అయిపోతుంది. కానీ ఇలాంటి పుస్తకాల్లో సగం నవ్వు అమెరికా బడి సంగతి తెలిస్తేనే వస్తుంది. అక్కడ చాలా క్లాసుల్లో వాలెంటైన్ కార్డు ఇస్తే అందరికీ ఇవ్వాలి, జుట్టు పట్టుకుని లాగినవాడికి కూడా! పిల్లల టెన్షనంతా అక్కడే. మా పిల్లకి ఫిబ్రవరి అంటే బడిలో సరస్వతీ పూజ. (2024లో రెండూ ఒకే రోజు వచ్చాయి లెండి.)

చెప్పడంలో ఈ సంగతులన్నీ మధ్యలో కలిపేయొచ్చు. చిక్కల్లా మాటల ఆటతోనే. కార్డు మీద తేనెటీగ బొమ్మ, కింద ‘బీ మైన్’. బీ అంటే తేనెటీగ, మొత్తంగా వింటే ‘నా సొంతం అవ్వు’ అని కూడా. తెలుగులో విప్పి చెబితే నవ్వు ఆవిరి. అది వదిలేసి, "తేనెటీగ టీ తాగుతుందా?" అన్నాను. పడి పడి నవ్వింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో వాడుక మాటకి కరువా!

నా ఓటు చెప్పడానికే, అదీ రెండు అధ్యాయాల వరకే. మూడోదాంట్లో కార్డుల పెట్టె పోయిందనగానే ఆపేశాను.

"ఇలా ఇవ్వు పెద్దమ్మా!" అని పుస్తకం లాక్కుంది.