ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు: పొద్దున దేవుడు, మధ్యాహ్నం దయ్యం

బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డులో పొద్దున్నే ఇంజిన్‌కి పెట్రోలు తోసే ఈ పంపుకి వంక పెట్టేవాళ్లు ఉండరు. చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో మిక్స్చర్ (పెట్రోలు పాలు మార్చే మీట) కటాఫ్, అంటే పెట్రోలు పూర్తిగా కట్టేసి; థ్రాటిల్ (ఇంజిన్ వేగం మీట) పావు అంగుళం, పంపు ఆన్. మిక్స్చర్ పూర్తిగా ముందుకి తోసి, పెట్రోలు పారుదల చూపే ఫ్లో ముల్లు నిలకడగా నిలవగానే, సుమారు 3 నుంచి 5 సెకన్లలో, వెనక్కి లాగి, పంపు ఆపి, తాళం తిప్పడమే. రెండేళ్లుగా చల్లటి ఇంజిన్‌తో పేచీ రాలేదు. గొడవంతా మధ్యాహ్నం ఎగిరొచ్చి, అరగంట ఆపి, మళ్లీ తిప్పినప్పుడే.

ఇంజిన్ ఆపాక దాని మీద గాలి ఆడదు. సిలిండర్ల వేడి పైకి ఎక్కి, వాటి నెత్తిన ఉన్న సన్న గొట్టాల్లో పెట్రోలు ఆవిరవుతుంది. పొలంలో మోటరుకి గాలి పట్టినట్టే: తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. దీనికి అందరూ చెప్పే చిట్కా, మిక్స్చర్ కటాఫ్‌లో ఉంచి పంపుని నిమిషం పాటు నడపమని. అది కాంటినెంటల్ ఇంజెక్షన్‌ ఇంజిన్ల చిట్కా. వాటి ఇంజిన్ పంపు నుంచి ట్యాంకుకి తిరుగు గొట్టం ఉంటుంది కాబట్టి చల్లటి పెట్రోలు చుట్టి వస్తుంది. మా సెస్నాలో లాగా లైకోమింగ్ ఐఓ-360 ఇంజిన్ ఉన్న విమానాలు చాలావాటికి ఆ గొట్టం లేదు. పంపు ఎంత గుర్రుమన్నా పెట్రోలు సర్వో (ఇంజిన్‌కి పెట్రోలు కొలిచి ఇచ్చే భాగం) గుమ్మం దగ్గరే ఆగుతుంది, బ్యాటరీ ఖర్చు తప్ప ఫలితం ఉండదు. తిరుగు గొట్టం పెట్టిన రకాల్లోనూ సర్వో దాటిన గొట్టాలు కాగుతూనే ఉంటాయి.

అసలు నష్టం ఆ తర్వాత. ఇంజిన్ అందుకోలేదని చెయ్యి మళ్లీ పంపు స్విచ్ మీదికి పోతుంది, మిక్స్చర్ ముందుకి పోతుంది, నోటితో అయిదు లెక్కపెడతాం. కాసేపటికి కౌలింగ్ (ఇంజిన్ మూత) కింద నీలం చుక్కలు, ముక్కుకి పెట్రోలు వాసన. ఇంజిన్‌ని పెట్రోల్లో ముంచేశామన్నమాట. పంపు ఆఫ్, మిక్స్చర్ కటాఫ్, థ్రాటిల్ సగం నుంచి పూర్తిగా తెరిచి తిప్పాలి. అందుకోగానే మిక్స్చర్ ముందుకి, థ్రాటిల్ చటుక్కున వెనక్కి. స్టార్టర్‌కి 10 సెకన్లు పని, 20 సెకన్లు విశ్రాంతి. మూడుసార్లయితే 10 నిమిషాలు వదిలెయ్యాలి. మంట కనిపిస్తే తిప్పడం ఆపకూడదు, పెట్రోలు కట్టేసి తిప్పుతూనే ఉంటే ఇంజిన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది.

వేడి ఇంజిన్‌కి కూడా పంపు వేయడమే మందు అని కొత్తలో చాలామందికి చెప్పిన మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు ప్రైమింగ్ (తిప్పేముందు పంపుతో పెట్రోలు ఎక్కించడం) మానేసి, కటాఫ్‌లోనే తిప్పి, అందుకున్నాక మిక్స్చర్ మెల్లగా ఇవ్వడమే బాగుంది. పంపు అప్పుడు పనికొస్తుంది: ఇంజిన్ దగ్గుతూ ఫ్లో ముల్లు ఊగుతుంటే కొద్ది సెకన్లు ఆన్ చేస్తే సర్దుకుంటుంది. ఇది నేను ఊహించని మేలు. ఆ వెంటనే మిక్స్చర్ కాస్త తగ్గించాలి, లేకపోతే ప్లగ్గులకి మసి.

కార్బురేటర్ విమానాలు నడిపేవాళ్లకి ఈ గోల తక్కువ. మీ విమానం మాన్యువల్ నా మాటకన్నా పెద్దది. పైగా ఇవన్నీ సుమారు 3,000 అడుగుల ఎత్తున్న బెంగళూరు లెక్కలు. సముద్రమట్టంలో, చెన్నై మీనంబాకం ఎండలో థ్రాటిల్ ఎంత తెరవాలో నేను పూచీ పడలేను.