చెట్ల మధ్య నడిచి పిట్టలు చూడాలంటే 8×42 బైనాక్యులరే

పెట్టె మీది అంకె ఎంత పెద్దదైతే పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుందని 10×42, 12×50 కొనేవాళ్లు చాలామంది. చెరువు గట్టున కూర్చుని చూసేవారికి ఆ లెక్క కొంతవరకు నిజమే. అభయారణ్యంలో కాలిబాట వెంట గంటల తరబడి నడుస్తూ, కొమ్మల్లో గెంతే చిన్న పిట్టల్ని పట్టుకోవాలంటే మాత్రం మా ఓటు 8×42కే.

ఎనిమిది అంటే 80 మీటర్ల దూరంలోని పిట్ట 10 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుందని. 42 అంటే ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 5.25 వస్తుంది. కంటివైపు అద్దంలోంచి బయటికి వచ్చే వెలుగు బిళ్ల వెడల్పు అది. 10×42లో ఆ బిళ్ల 4.2 మి.మీ., జేబులో పట్టే 10×25లో 2.5 మి.మీ. మిట్టమధ్యాహ్నం కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది కాబట్టి ఈ తేడా తెలియదు. పిట్టలు హుషారుగా తిరిగేది తెల్లవారుజామున. అప్పుడు పాప పెద్దదవుతుంది, చిన్న బిళ్ల చాలదు. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద చూసి బాగుందనుకున్న బుల్లి బైనాక్యులర్ మసక వెలుతురులో మొండికేసేది ఇందుకే.

ఇంకో లాభం చూపు వెడల్పు. 1000 మీటర్ల దూరంలో 8×42కు సాధారణంగా 125 నుంచి 145 మీటర్ల మేర కనిపిస్తుంది. పది రెట్ల వాటిలో ఇది 105–115 దగ్గర ఆగుతుంది. ఆకుల గుంపులో పిట్ట ఏ కొమ్మ మీదుందో వెతుక్కునేటప్పుడు ఆ పాతిక ముప్పై మీటర్లే పిట్ట దొరకడానికీ, ఎగిరిపోవడానికీ మధ్య తేడా. పైగా పది రెట్లలో పిట్టతోపాటు చేతి వణుకూ పెద్దదవుతుంది. ఎక్కువ వివరం కోసం డబ్బు పెడితే వచ్చేది వణుకే.

తలకిందుల బొమ్మను నిలబెట్టేది గొట్టంలోని గాజు దిమ్మ, అంటే ప్రిజం. ఇప్పుడు వచ్చే వాటిలో ఎక్కువ భాగం తిన్నని గొట్టాల రూఫ్ ప్రిజం రకం. ఈ ప్రిజంలో వెలుగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు బొమ్మ పదును తగ్గుతుంది. దానికి విరుగుడు ప్రిజం మీద వేసే పలుచని పూత, ఫేజ్ కోటింగ్. 1988లో జైస్ కంపెనీ తెచ్చింది. వివరాల కాగితంలో ఆ మాట లేకపోతే ఆ మోడల్ వదిలేయండి. అంత ఖర్చు వద్దనుకుంటే పాతకాలపు వంపు గొట్టాల పోరో ప్రిజం రకం తక్కువ ధరలోనే పదునైన బొమ్మ ఇస్తుంది. చిక్కేమిటంటే, ఫోకస్ తిప్పినప్పుడల్లా కంటి గొట్టాలు ముందుకూ వెనక్కూ కదిలి బయటి తేమను, దుమ్మును లోపలికి పీలుస్తాయి. వాన అడవికి అది పనికిరాదు.

కొనేముందు దుకాణం బయటికి తెచ్చి చూడండి. చేయి చాచి పట్టుకుని కంటివైపు అద్దంలో వెలుగు బిళ్లలు చూడండి: గుండ్రంగా ఉండాలి, అంచులు కోసేసినట్టు బూడిదరంగు మూలలు కనిపిస్తే ప్రిజం గాజు నాసిరకం. తెల్లటి ఆకాశం మీద కాకినో కరెంటు తీగనో చూస్తే అంచుల్లో ఊదా, పచ్చ చారలు మరీ కొట్టొచ్చినట్టు ఉండకూడదు. దగ్గర ఫోకస్, అంటే స్పష్టంగా కనిపించే అతి దగ్గరి దూరం, రెండు మీటర్ల లోపు ఉంటే తూనీగలు, సీతాకోకచిలుకలు కూడా మీవే. ఫోకస్ చక్రం దగ్గర నుంచి దూరానికి ఒకటి, ఒకటిన్నర చుట్లలో వెళ్లాలి. వెనక్కి తిప్పినప్పుడు ఖాళీగా ఆడితే వద్దు. కళ్లద్దాలవారు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపించేలా కంటివైపు అద్దానికీ కంటికీ మధ్య ఉండగల దూరం) 15 మి.మీ. కంటే ఎక్కువ ఉందా అని తప్పక అడగాలి. ఎర్రగా మెరిసే లెన్సులు, 10–30 జూమ్‌లు, 100 రెట్లంటూ వచ్చే ప్రకటనల జోలికి అసలు పోవద్దు.

ఎంత మంచిదైనా సరిచేసుకోకపోతే దండగే. ముందు రెండు గొట్టాల మధ్య దూరం మార్చి రెండు వృత్తాలు ఒక్కటయ్యేలా చూసుకోండి. కళ్లద్దాలుంటే కంటివైపు అద్దం చుట్టూ ఉండే కప్పులు కిందికి, లేకపోతే పైకి; చూస్తుండగా నల్లటి నీడలు ఆడుతుంటే అక్కడే తప్పుంది. తర్వాత కుడి ముందు లెన్స్‌ను చేత్తో మూసి, దూరపు బోర్డు అక్షరాల మీద మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయండి. ఇప్పుడు ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టకుండా రెండు కళ్ల చూపు తేడాను సర్దే కుడి గొట్టం మీది డయాప్టర్ రింగుతో కుడి కంటికి సరిచేయండి. రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, సంచిలో రాపిడికి అది కదిలిపోతుంటుంది. పిట్ట కనిపించాక చూపు దించకుండా బైనాక్యులర్‌నే కంటి దగ్గరికి తేవాలి. తల వంచి వెతుక్కునేలోపు కొమ్మ ఖాళీ.

ఆరేడు వందల గ్రాముల బరువు మధ్యాహ్నానికి మెడ లాగేస్తుంది. మెడపట్టీ తీసేసి భుజాల పట్టీ వేయించుకోండి.

నైట్రోజన్ నింపి సీలు చేసినవాటికి లోపల పొగమంచు పట్టదు, బయటి అద్దానికి మాత్రం పడుతుంది. ఏసీ కారు దిగాక వాడేముందు పావుగంట సేపు సంచిలోనే ఉంచి బయట పెట్టండి. చొక్కా అంచుతో తుడవడం లెన్స్‌ను గరుకు కాగితంతో రుద్దినట్టే: ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఎగరగొట్టి, ఆ తర్వాతే తడి బట్ట. వాన తర్వాత మూసిన డబ్బాలో పెడితే బూజు తప్పదు. ఆరబెట్టి సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. కిందపడ్డాక రెండు బొమ్మలు కనిపిస్తున్నా, కాసేపు చూస్తేనే తలనొప్పి వస్తున్నా ప్రిజం కదిలిందన్నమాట. అది ఇంట్లో విప్పి బాగుచేసేది కాదు.

చెరువు మధ్యలో మూడొందల మీటర్ల అవతల బాతుల రెక్కల గుర్తులు తేల్చడం దీనివల్ల కాదు. దానికి మూడు కాళ్ల స్టాండు మీద 20–60 రెట్ల స్పాటింగ్ స్కోపు (ఒంటి గొట్టపు దూరదర్శిని) కావాలి. ఎండెక్కి నీటిపై గాలి అలలాడటం మొదలయ్యాక స్కోపును కూడా 30 రెట్లు దాటించి లాభం లేదు.