గంట విమానానికి మూడు గంటల కారు: ఎనిమిదేళ్ళు తిరిగాక

మా నెల్లూరుకు విమానాశ్రయం లేదు. అందుకని మాకు నాలుగున్నాయి. దక్షిణాన చెన్నై, నాయుడుపేట దగ్గర పక్కకు తిరిగితే రేణిగుంట, వెలిగొండలు దాటితే కడప, ఒంగోలు దాటి ఇంకా పైకి పోతే గన్నవరం. ఏ పని పడ్డా ముందు ఈ నాలుగింటిలో ఏదనే లెక్క మొదలవుతుంది.

నేను రొయ్యల హేచరీలకు నీటి పరీక్ష పరికరాలు అమ్ముతాను, చెడిపోతే బాగుచేస్తాను. ఆఫీసు హైదరాబాదులో ఉంది, కొనేవాళ్ళేమో ఒంగోలు తీరం నుంచి భీమిలి దాకా ఉన్నారు. 2017 నుంచి నెలకు ఒకసారైనా విమానం ఎక్కుతున్నాను, కొన్ని నెలల్లో రెండు మూడు సార్లు. చెన్నై గురించి రాయను. అక్కడ ఒక విమానం పోతే ఇంకొకటి ఉంటుంది. చిన్న విమానాశ్రయాల్లో ఆ ఒక్కటీ పోతే ఇంకొకటి ఉండదు. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మొదట కడప. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకం, అంటే చిన్న ఊళ్ళకు తక్కువ ధరకు విమానాలు నడిపే పథకం, తొలి విమానానికి జెండా ఊపారు. కడప నుంచి హైదరాబాద్ విమానం కూడా ఆ రోజే మొదలైంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలే అని పేపర్లో చదివి ఆ ఏడాదే టికెట్లు తీశాను, నాకూ అమ్మకూ. ఆ ధర విమానంలో అన్ని సీట్లకూ కాదని, సగం సీట్లకేనని బుక్ చేసేటప్పుడు తెలిసింది. ముందు తీసుకున్నవాళ్ళదే అదృష్టం. మాకు దొరికాయి.

నెల్లూరు నుంచి రాపూరు ఘాట్ ఎక్కి, చిట్వేలి, రాజంపేట మీదుగా వెళ్ళాం. కారు మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్ అడిగాడు, "అన్నా, గంట విమానానికి మూడు గంటల కారేంది?" అని. ఏదో సర్ది చెప్పాను గానీ, ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ రోజు కారుకిచ్చింది ఒక టికెట్టు కంటే ఎక్కువే అయింది.

కడప విమానాశ్రయం 2015 జూన్‌లో తెరిచారు. లోపలికి పోతే మన ఊరి బస్టాండంత కూడా లేదు. నాకు అది నచ్చింది. తనిఖీ ఐదు నిమిషాల్లో అయిపోయింది. గాజు తలుపు తీసుకుని నడిచి వెళ్ళి విమానం ఎక్కాం. ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం, ఏటీఆర్ అది. అమ్మ మెట్ల దగ్గర ఆగి రెక్కల వైపు చూసి, "ఒరేయ్, దీనికి ఫ్యాన్లు బయట పెట్టారేందిరా?" అంది. పక్కనున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ మాత్రం హైదరాబాద్ దాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ ఫ్యాన్లనే చూస్తూ కూర్చుంది, ఎక్కడ ఆగిపోతాయోనని.

ఆ ఏటీఆర్ గురించి కొంచెం చెప్పాలి. చిన్న విమానాశ్రయాల ప్రయాణమంటే సగం దాని గుణమే. డెబ్బై పైచిలుకు సీట్లు, అటు రెండు ఇటు రెండు. మధ్య సీటు గొడవ లేదు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీ సీటు దొరికితే కింద అంతా కనిపిస్తుంది. పెద్ద జెట్‌కంటే తక్కువ ఎత్తులో పోతుంది. తీరం మీదుగా వెళ్ళిన రోజున పులికాట్, తర్వాత మన రొయ్యల చెరువులు వరసగా మెరుస్తూ కనిపిస్తే నేను ఫోను పక్కన పెట్టేస్తాను. ఎవరి చెరువులో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయో కూడా తెలుస్తుందని నా స్నేహితుడొకడు అంటాడు గానీ అది కోత.

ఎక్కే తలుపు వెనక వైపు ఉంటుంది, సామాను ముందు వైపు వేస్తారు. అందుకని వెనక సీటు తీసుకుంటే ముందు దిగొచ్చు. ప్రొపెల్లర్ల పక్క వరసల్లో మోత ఎక్కువ, తలనొప్పి ఉన్నవాళ్ళు అక్కడ కూర్చోవద్దు. పై అరలు చిన్నవి. జెట్‌లో పట్టే చక్రాల పెట్టె ఇందులో పట్టక తలుపు దగ్గరే తీసుకుని కింద వేస్తారు. నా పరికరాల్లో గాజు సీసాలుంటాయి, ఒకసారి రెండు పగిలాయి. అప్పటి నుంచి వాటిని భుజాన సంచిలోనే పెట్టుకుంటున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం కొండల మీద కుదుపులు బాగా ఉంటాయి. ఉదయం విమానమైతే నిద్రపోవచ్చు.

నేను ఎక్కువగా వాడింది రేణిగుంట. నెల్లూరు నుంచి 130 కిలోమీటర్లు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా. తిరుపతి బస్సెక్కి దారిలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, కానీ తెల్లవారుజాము విమానానికి ఆ లెక్క కుదరదు. 2015లో తెరిచిన కొత్త టెర్మినల్ శుభ్రంగా ఉంటుంది. టీ ధర సంగతి వదిలేయండి, ఇంటి నుంచి ఫ్లాస్కు తీసుకుపోండి. ఈ విమానాలకు ఒక ప్రత్యేకత ఉంది. తిరుగు ప్రయాణంలో పై అరల్లో సగం లడ్డూలే. గుండు మీద చందనం వాసన, నేతి వాసన కలిసి విమానమంతా కమ్ముకుంటాయి. అరలో చోటు కోసం తగవులు పడుతుంటారు, ఆ తగవు కూడా "గోవిందా" అనుకుంటూనే పడతారు. విశాఖకు పనుంటే నేను ఇప్పటికీ రేణిగుంటకే ఓటేస్తాను. రైల్లో రాత్రంతా పోయే దూరం మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

హైదరాబాద్‌కు మాత్రం మానేశాను. ఇంట్లో ఐదుకు బయలుదేరితే రేణిగుంట ఏడున్నర దాటుతుంది. తొమ్మిదికి విమానం. శంషాబాద్‌లో దిగి, సామాను తీసుకుని, ఊళ్ళోకి చేరేసరికి పన్నెండు. అంటే ఏడు గంటలు. 2023 ఏప్రిల్‌లో తిరుపతి, సికింద్రాబాద్ మధ్య వందే భారత్ వచ్చింది, నెల్లూరులో ఆగుతుంది, ఆరు గంటల పైచిలుకులో దింపుతుంది. కారు ఖర్చు లేదు, బూట్లు విప్పే పని లేదు. విమానం మోజు ఉన్నవాళ్ళు ఈ పేరా చదవకపోయినా ఫర్వాలేదు.

ఇక అసలు ఫిర్యాదు.

ఒక డిసెంబరు ఉదయం, ఐదుంబావు ప్రాంతంలో నాయుడుపేట కూడలిలో టీ తాగుతున్నాం. ఫోను మోగింది. మెసేజ్. "ఆపరేషనల్ కారణాల వల్ల మీ విమానం రద్దయింది." సంస్థ పేరు రాయను, ఆ పని ఒక్క సంస్థే చేయదు. విశాఖలో పదకొండుకు హేచరీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆ కూడలి మా ప్రాంతం వాళ్ళకు దేవుడిచ్చింది. కుడికి పోతే రేణిగుంట, నేరుగా పోతే చెన్నై. డ్రైవర్ గ్లాసు కింద పెట్టి, ఒక్క మాట అడగకుండా బండి నేరుగా పోనిచ్చాడు. చెన్నైలో అప్పటికప్పుడు తీసిన టికెట్టు నా నెల పెట్రోలు ఖర్చంత. సాయంత్రం నాలుగుకు విశాఖ చేరాను.

నిబంధన ఏమిటంటే, ముందుగా చెప్పకుండా ఆఖరి గంటల్లో రద్దు చేస్తే టికెట్టు డబ్బుతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. విమాన సంస్థలకు నిబంధనలు పెట్టే డీజీసీఏ లెక్క ప్రకారం గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకు 7,500, అంతకు మించితే 10,000. చదవగానే ఆశ పుడుతుంది. కింద ఒక ముక్క ఉంటుంది. ఆ మొత్తమో, మూల ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తమో, ఏది తక్కువైతే అది. చిన్న రూట్లలో మూల ఛార్జీ తక్కువ, అంచేత పరిహారం కూడా చిన్నదే. అదైనా రాలేదు. వాతావరణం బాగాలేక రద్దు చేశామని, అలాంటప్పుడు పరిహారం వర్తించదని మెయిల్ పంపారు. ఆ తెల్లవారుజామున నాయుడుపేట మీద నక్షత్రాలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. వాళ్ళ ఆకాశం వేరేమో. టికెట్టు డబ్బు మాత్రం రెండు వారాల్లో వచ్చింది.

ఏజెంటు దగ్గర టికెట్టు తీసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మీ ఫోను నంబరే ఇవ్వండి. మా బావమరిది టికెట్టులో ఏజెంటు నంబరుంది, రద్దయిన మెసేజ్ ఏజెంటుకు పోయింది, ఆయన నిద్రపోతున్నాడు. బావమరిది రేణిగుంట దాకా పోయి గేటు దగ్గర కానిస్టేబుల్ చెబితే తెలుసుకున్నాడు. సరైన నంబరు ఇవ్వనివాళ్ళకు పరిహారం ఇవ్వనక్కర్లేదని కూడా నిబంధనలోనే ఉంది.

ఒక విమానం రద్దు కావడం చిన్న కష్టం. రూటే మాయం కావడం పెద్దది. ఈ ఎనిమిదేళ్ళలోనూ, అంతకు కొంచెం ముందూ మా వైపు రూట్లు ఎన్నో పోయాయి. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి ఆఖరుకు ఆగిపోయింది. కడప, బెంగళూరు మధ్య తిరిగిన ఎయిర్ పెగాసస్ అంతకుముందే, 2016లో ఆగింది. కడపలో ఉడాన్ విమానం నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగింది. ఆ మార్చి ఆఖర్లో ఇండిగో వచ్చింది కాబట్టి కడప బతికింది. లేకపోతే అమ్మ చూసిన ఆ గాజు తలుపుకు తాళం పడేది.

ఇలా ఎందుకు జరుగుతుందో మొదట్లో నాకు అర్థం కాలేదు. రెండు మూడు విమానాలతో నడిచే సంస్థలో ఒకటి మరమ్మతుకు పోతే ఆ రోజు ఐదారు ప్రయాణాలు పోతాయి. ఒకే విమానం పొద్దున ఒక ఊరు, తర్వాత ఇంకో ఊరు, ఇలా గొలుసుగా తిరుగుతుంది. పొద్దున ఎక్కడో గంట ఆలస్యమైతే సాయంత్రం మనకు మూడు గంటలవుతుంది. విమానాలు అద్దెవి, అద్దె డాలర్లలో కట్టాలి. ఉడాన్ రూట్లలో ప్రభుత్వం నష్టం పూడ్చేది మూడేళ్ళే. ఆ మూడేళ్ళలో సీట్లు నిండే అలవాటు జనానికి పడకపోతే నాలుగో ఏడాది విమానం ఉండదు. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. ఉడాన్ మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ నడిచినవి 112. ఆ తర్వాత కూడా నిలిచినవి, 2023 మార్చి నాటికి, 54. ఇది చదివాక నాకు కోపం కొంత తగ్గింది. ఇది నా ఒక్కడి జాతకం కాదన్నమాట.

అందుకే కొత్త రూటు అని పేపర్లో పడగానే నేను చూసేది ధర కాదు. వారానికి ఎన్ని రోజులు, ఏ వేళకు, ఎప్పటి దాకా, ఈ మూడూ చూస్తాను. విమానాల వేళలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి ఆఖర్లో, అక్టోబరు ఆఖర్లో. ఆ గీత దాటి నెలల ముందే టికెట్టు తీసి రెండుసార్లు దెబ్బతిన్నాను. వారానికి మూడు రోజులే నడిచే విమానం పనిమీద తిరిగేవాడికి పనికిరాదు. పోతాం సరే, రావడానికి రెండు రోజులు హోటల్లో పడుండాలి. పెళ్ళికి పోయేవాళ్ళకు బాగుంటుంది.

మంచి కూడా చెప్పాలి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. ఒంగోలులో ఒక హేచరీలో రొయ్య పిల్ల చనిపోతోందని ఫోను మీద ఫోను. హైవే ఎప్పుడు తెరుస్తారో తెలియదు. చెన్నై పోయి, గన్నవరం విమానం ఎక్కి, అక్కడి నుంచి కారులో కిందికి వచ్చాను. 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలుకు ఆకాశం చుట్టి పోయినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. గన్నవరం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒంగోలు వాళ్ళకు అదే దగ్గర, విమానాలు కూడా ఎక్కువ. పశ్చిమ ప్రకాశం వాళ్ళ సంగతి వేరు. గిద్దలూరు మిత్రుడొకడు నల్లమల దాటి, నంద్యాల మీదుగా ఓర్వకల్లు పోతాడు. 2021 మార్చిలో తెరిచిన ఆ కర్నూలు విమానాశ్రయం తనకోసమే కట్టారంటాడు. దొనకొండలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి రన్‌వే వాడకం లేకుండా పడి ఉందని గుర్తు చేస్తే మొహం చిట్లిస్తాడు.

మాకూ ఒక దొనకొండ ఉంది, దగదర్తి. అక్కడ విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు. అటు కావలి, ఇటు నెల్లూరు, పక్కనే హైవే. ఇంటి నుంచి ముప్పావు గంట. అక్కడ విమానం దిగితే నా డ్రైవర్ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మనుషుల కంటే ముందు రొయ్య పిల్లల కోసం అయినా అది కావాలి. ఆక్సిజన్ నింపిన సంచుల్లో పిల్లను పెట్టెలకెత్తి చెన్నై దాకా లారీలో మోసి, అక్కడ కార్గోలో వేస్తున్నారు. దారిలో గడిచే ప్రతి గంటా పిల్ల మీదే పడుతుంది. ఏటీఆర్‌లో అంత సరుకు పట్టదు, జెట్ దిగే రన్‌వే కావాలి. కడితే అలా కట్టాలని ఒక వాడకందారుడిగా నా కోరిక.

మార్కులు వేయమంటే రేణిగుంటకు ఐదుకు నాలుగు, కడపకు మూడున్నర, ఆ అర అమ్మ కోసం. వేళలకు, రద్దులకు రెండు. వచ్చే నెల విశాఖకు రేణిగుంట నుంచి టికెట్టు తీశాను. అదే రాత్రికి నెల్లూరు నుంచి రైలుకు కూడా తీసి పెట్టాను.