దూరాభారం తెలియనివ్వని కారు: జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ వి12

జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్‌ను ఊళ్లో నాలుగు వీధులు తిప్పి తీర్పు చెప్పేవాళ్ల మాట నేను పట్టించుకోను. దీని గుణం తెలియాలంటే రెండు వందల మైళ్లయినా ఏకబిగిన పోవాలి. మొదటి గంటలో బరువుగా, మందకొడిగా, పాతకాలపు బండిలాగే తోస్తుంది. మూడో గంట దాటాక కూడా నడుము పట్టేయలేదని, చెవులు హోరెత్తలేదని గమనిస్తాం. అప్పుడు అర్థమవుతుంది దీన్ని ఎందుకు చేశారో. నా దగ్గరున్నది 1983లో తయారైన కూపే (రెండు తలుపుల కారు), 5.3 లీటర్ల వి12 ఇంజిను, అంటే రెండు వరసల్లో పన్నెండు సిలిండర్లు, తక్కువ పెట్రోలుతో నడిచేలా మార్చిన హెచ్‌ఈ రకం. నేను ఉండేది ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్‌లో. ఈ కారు పుట్టిన కోవెంట్రీ మాకు దగ్గరే. పదేళ్లకు పైగా దీన్ని స్కాట్లండ్ కొండల నుంచి దక్షిణ ఫ్రాన్స్ దాకా నడిపిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

1975 సెప్టెంబరులో ఇది బయటికి వచ్చినప్పుడు చాలామంది నిరాశపడ్డారు. జాగ్వార్ వాళ్లదే పేరుమోసిన స్పోర్ట్స్ కారు ఈ-టైప్ స్థానంలో వస్తున్నది కనుక అలాంటి అందమే ఆశించారు. వచ్చింది మాత్రం పొడవాటి ముక్కు, వెనక కిటికీల నుంచి డిక్కీ అంచు దాకా వాలుగా దిగే రెండు రేకు రెక్కలు ఉన్న పెద్ద కారు. ఈ-టైప్‌కు రూపమిచ్చిన మాల్కం సేయర్ విమానాల పరిశ్రమ నుంచి వచ్చినవారు. గాలి ఒరవడిని లెక్కకట్టి గీతలు గీసేవారు. ఎక్స్‌జే-ఎస్ ఆకృతికి పునాది వేసి, అది పూర్తికాకముందే 1970లో కన్నుమూశారు. ఆ రెక్కలను ఇప్పటికీ కొందరు ఇష్టపడరు. నాకు మాత్రం అవి లేని ఎక్స్‌జే-ఎస్‌ను ఊహించుకోవడం కూడా నచ్చదు.

పైగా అది చమురు ధరలు మండుతున్న కాలం. పన్నెండు సిలిండర్ల కారుకు అంతకంటే గడ్డు రోజులు ఉండవు. 1980 నాటికి అమ్మకాలు బాగా పడిపోయాయి. 1981లో వచ్చిన హెచ్‌ఈ దీన్ని గట్టెక్కించింది. స్విట్జర్లండ్ ఇంజినీరు మైకేల్ మే రూపొందించిన దహన గది వల్ల కంప్రెషన్ (సిలిండరులో మిశ్రమాన్ని కుదించే నిష్పత్తి) 12.5:1కి పెరిగింది. తక్కువ పెట్రోలు కలిసిన మిశ్రమం కూడా శుభ్రంగా మండేది. ఆ తరువాత ఈ కారు 1996 దాకా తయారైంది. మొత్తం 1,15,413 కార్లు. మొదట్లో అందరూ పెదవి విరిచిన కారు ఇరవై ఏళ్లు నిలబడింది.

ఇక రోడ్డు మీద సంగతి. ఇంజిను నడుస్తోందా లేదా అన్న అనుమానం కూడళ్ల దగ్గర ఆగినప్పుడు నాకు ఇప్పటికీ వస్తుంది. గేర్‌బాక్సు అమెరికాలో జనరల్ మోటార్స్ చేసిన మూడు గేర్ల ఆటోమేటిక్. మూడే గేర్లంటే తక్కువ అనిపించవచ్చు. కానీ గంటకు 70 మైళ్ల వేగంలో ఇంజిను నిమిషానికి సుమారు 2,600 సార్లే తిరుగుతుంది. అక్కడి నుంచి ముందున్న లారీని దాటాలంటే కాలితో యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే చాలు, పని అయిపోతుంది. కుదుపు ఉండదు, అరుపు ఉండదు. దూరప్రయాణంలో అలసట తెచ్చేది వేగం కంటే అస్తమానం గేర్లు మార్చడం, మోత, కుదుపులు. ఆ మూడింటినీ ఈ కారు మన దాకా రానివ్వదు.

గ్లాస్గో దాటి ఏ82 రోడ్డు మీద రానక్ బీడు భూముల మీదుగా గ్లెన్‌కో లోయలోకి దిగే దారి దీనికి సరిగ్గా సరిపోతుంది. పొడవాటి మలుపులు, దూరం దాకా కనిపించే రోడ్డు. ఎగుడుదిగుళ్ల మీద సస్పెన్షన్ ఊపిరి పీల్చి వదిలినట్టు లేచి దిగుతుంది. అదే స్కాట్లండ్‌లో ఇన్వర్‌నెస్ నుంచి బయలుదేరే నార్త్ కోస్ట్ 500 దారి మాత్రం దీనికి నప్పదు. ముఖ్యంగా యాపిల్‌క్రాస్‌కు పోయే బ్యాలక్ న బా కనుమ 626 మీటర్ల ఎత్తుకు ఎక్కే ఒంటి వరస రోడ్డు. ఎదురుగా వచ్చిన బండికి దారి ఇవ్వడానికి వెనక్కి నడపాల్సి వస్తే, ఈ రెక్కల మధ్య నుంచి వెనక ఏముందో కనిపించదు. అలాంటి రోడ్ల కోసం ఎవరైనా పాత కారు కొనాలనుకుంటే చిన్న ఎంజీబీ జీటీ తీసుకోమంటాను.

ఫ్రాన్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నెపోలియన్ దారి. ఎల్బా ద్వీపం నుంచి తప్పించుకున్న నెపోలియన్ 1815 మార్చి 1న గోల్ఫ్-జువాన్ తీరంలో దిగి, ఏడో తేదీకి గ్రెనోబుల్ చేరాడు. ఆ దారినే 1932లో ఆధునిక రోడ్డుగా ప్రారంభించారు. గ్రాస్, కాస్తెలాన్, దీన్య, సిస్తరోన్, గాప్. ఒక్కో ఊరికీ కొండ మారుతుంది, రాయి రంగు మారుతుంది. సిస్తరోన్ దగ్గర నది ఒడ్డున నిలువుగా లేచిన రాతి పొరలను చూడటానికి మేము తప్పనిసరిగా ఆగుతాం. మేము దక్షిణం నుంచి ఉత్తరానికి పోతాం కనుక చివర్లో లాఫ్రే దగ్గర గ్రెనోబుల్ వైపు దిగే నిట్టనిలువు దారి ఎదురవుతుంది. ఈ కారు బరువు టన్నున్నర పైమాటే. అక్కడ గేరు మీట కిందికి లాగి ఇంజినుతోనే వేగం ఆపాలి. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, మధ్యలో డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టెకు) ఆనుకుని ఉంటాయి. బ్రేకులు అదేపనిగా నొక్కితే ఆ వేడికి డిఫరెన్షియల్ ఆయిల్ సీళ్లు పాడవుతాయి. వాటిని మార్చాలంటే వెనక భాగమంతా కిందికి దించాలి. ఖర్చంతా కూలీదే.

పెట్రోలు గురించి సూటిగా చెబుతాను. సాఫీగా పోయే మోటార్‌వే మీద లీటరుకు ఆరు కిలోమీటర్లు, కొండల్లో ఐదు, పట్టణంలో అంతకంటే తక్కువ. ట్యాంకులో సుమారు 90 లీటర్లు పడతాయి. అయినా నాలుగు వందల కిలోమీటర్లకు ఒకసారి ఆగి నింపుతాను. కంప్రెషన్ ఎక్కువ కనుక దీనికి మేలురకం పెట్రోలే కావాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో ఇథనాల్ పది శాతం దాకా ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. ఐదు శాతానికి మించని సూపర్ రకాన్నే పోయిస్తాను. ఫ్రాన్స్‌లో అయితే ఎస్‌పీ98 అని రాసి ఉన్న పంపు వెతుక్కోవాలి. ఊళ్లకు దూరంగా కొండల్లో అది దొరక్కపోవచ్చు కాబట్టి ట్యాంకు సగానికి వచ్చేసరికే చూసుకోవడం మంచిది.

డిక్కీ లోతుగా, చదునుగా ఉంటుంది. స్టెప్నీ టైరు ఒక పక్కన నిలబడి కొంత చోటు తినేసినా, ఇద్దరికి రెండు వారాల సామాను హాయిగా పడుతుంది. తిండి డబ్బా మాత్రం మా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఫోక్‌స్టన్ నుంచి రైలు మీద కారు ఎక్కించి సముద్రం కింది సొరంగంలో కలే చేరడానికి 35 నిమిషాలు. అవతల ఒడ్డున మొదటి విశ్రాంతి స్థలంలో పులిహోర విప్పడం మా ఆనవాయితీ. ఇదివరకు పెరుగన్నం కూడా ఉండేది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వచ్చేశాక 2021 నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. నిమ్మకాయ పులిహోర, ఆవకాయ ముక్కతో సరిపెట్టుకుంటున్నాం. ఫ్రాన్స్‌లో పెరుగు మంచిదే దొరుకుతుందని మా ఆవిడ ఒప్పుకోవడానికి కొన్నేళ్లు పట్టింది.

వేడి ఈ కారుకు ప్రధాన శత్రువు. బానెట్ ఎత్తి చూస్తే వేలు దూరే సందు కనిపించదు. రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, దాని చుట్టుపక్కల పెట్రోలు గొట్టాలు, వైర్లు, స్పార్కును నియంత్రించే ఇగ్నిషన్ ఆంప్లిఫయర్ అన్నీ ఉడుకుతూ ఉంటాయి. రబ్బరు కొన్నేళ్లకే గట్టిపడి పెళుసవుతుంది. పెట్రోలు గొట్టం ఆ లోయలో పగిలితే కారు అంటుకోవచ్చు, అలా కాలిపోయిన ఎక్స్‌జే-ఎస్‌లు ఉన్నాయి. అందుకే కారు కొన్న మొదటి వారంలోనే పెట్రోలు గొట్టాలన్నీ మార్పించాను. ఇప్పటికీ గడువు పెట్టుకుని మారుస్తాను. చూడటానికి బాగానే ఉంది కదా అని వదిలేయకూడదు.

రేడియేటర్‌దీ అంతే ముఖ్యమైన సంగతి. లోపల అడుగుభాగం మెల్లగా మట్టి పట్టి పూడుకుపోతుంది. ఊళ్లో ఏ తేడా తెలియదు. ఎండాకాలంలో కొండ ఎక్కేటప్పుడు వేడి చూపే ముల్లు లేస్తుంది. పూర్తి అల్యూమినియం ఇంజిను ఇది. ఒక్కసారి బాగా వేడెక్కినా సిలిండర్ల పై మూతలు (హెడ్లు) వంగిపోయే ప్రమాదం ఉంది. స్పీడోమీటరుకు, ఇంజిను తిరిగే వేగం చూపే టాకోమీటరుకు మధ్య నిలువుగా నాలుగు చిన్న మీటర్లు ఉంటాయి. వాటిలో వేడి చూపేదాని మీద నా కన్ను ఎప్పుడూ ఉంటుంది. శీతలీకరణ వ్యవస్థలో గాలి మిగలకుండా నీళ్లు నింపడం కూడా ఓ విద్యే. ఇంజినుకు ఇటూ అటూ గాలి చిక్కుతుంది. తొందరపడే మెకానిక్‌కు ఈ పని ఇవ్వకూడదు.

చాలామందికి తెలియని మరో చిన్న పని ఉంది. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే ముక్క, రోటర్ ఆర్మ్, తీసి, దాని కింద రెండు చుక్కల ఆయిల్ వేయాలి. అది వేయకపోతే లోపల వేగాన్ని బట్టి ఇగ్నిషన్‌ను ముందుకు జరిపే యంత్రాంగం బిగుసుకుపోతుంది. కారు ఆగిపోదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మైలేజీ తగ్గుతుంది, ఇంజిను ఇంకా వేడెక్కుతుంది, వి12లంటేనే ఇంతలే అని యజమాని సరిపెట్టుకుంటాడు. ఈ ఒక్క కారణంతో చెడ్డపేరు మోసిన కార్లు ఎన్ని ఉన్నాయో! స్పార్క్ ప్లగ్గులు పన్నెండు. ముందున్న రెండు ఏసీ కంప్రెసర్ కింద దాక్కుని ఉంటాయి. సర్వీసు అయ్యాక ఆ రెండూ నిజంగా మార్చారా అని అడగండి. పాత ప్లగ్గులు చేతికి ఇమ్మనండి.

ప్రయాణానికి ముందు డిక్కీలో చేరేవి: ఫ్యాను బెల్టులు, ఒక ఆంప్లిఫయర్, రోటర్ ఆర్మ్, రెండు మూడు కొలతల గొట్టాలు, క్లిప్పులు, కూలెంట్ డబ్బా, మంట ఆర్పే సీసా. ఇంజిను పక్కనే ఉండి ఉడకకుండా బ్యాటరీని కూడా డిక్కీలోనే పెట్టారు, అది మంచి ఆలోచన. రోడ్డుకు కుడివైపున నడిపే దేశాల్లో హెడ్‌లైట్ల మీద వెలుగు మళ్లించే స్టిక్కర్లు అంటించాలి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు పాత కార్లను విదేశాల నుంచి ఇంటికి చేర్చే సదుపాయం ఉందో లేదో కాగితంలో చదువుకోవాలి, ఫోనులో చెప్పిన మాట నమ్మకూడదు. నా కారు 1984కు ముందుది కనుక 2024 ఏప్రిల్ నుంచి రోడ్డు పన్ను లేదు, ఏటా చేయించే తనిఖీ కూడా తప్పనిసరి కాదు. అయినా తనిఖీ చేయిస్తూనే ఉన్నాను. కింద ఏం జరుగుతోందో బయటివాళ్ల కంటికి కనిపించాలి.

నచ్చనివీ ఉన్నాయి. స్టీరింగ్ మరీ తేలిక. తడిసిన రోడ్డు మీద టైర్ల పట్టు ఎంతో చేతికి తెలియదు. వెనక సీట్లు చంటిపిల్లలకే సరిపోతాయి. జూలై నెలలో దక్షిణ ఫ్రాన్స్ ఎండకు ఏసీ ఆయాసపడుతుంది. మేము ఇప్పుడు మే నెలలో గానీ సెప్టెంబరులో గానీ పోతున్నాం.

కొనదలచినవారు ఇంజిను కంటే ముందు రేకు చూడాలి. వెనక చక్రాల ముందు రేడియస్ ఆర్మ్‌లు (వెనక సస్పెన్షన్‌ను బాడీకి కలిపే కడ్డీలు) బిగించే చోటు, గుమ్మాల కింది భాగం, ముందు అద్దం అడుగు అంచు, ఆ రెక్కల మొదలు. ఇవన్నీ తుప్పు పట్టే చోట్లు. ఇంజినుకు విడిభాగాలు దొరుకుతాయి, మంచి రేకు పని చేసేవాళ్లు దొరకడం కష్టం. తక్కువ మైళ్లు తిరిగి, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న కారు చవగ్గా వచ్చినా వద్దు. గొట్టాలు, సీళ్లు, బ్రేకులు అన్నీ పడి ఉండటం వల్లే చెడతాయి. ప్రతి ఏడాదీ దూరాలు తిరిగిన కారు, రసీదుల కట్ట దళసరిగా ఉన్న కారు వెతకండి. ఏటా ఒకసారి మాత్రమే దూరం పోతాం, పెట్రోలు ఖర్చు భారం అనుకునేవారికి ఆరు సిలిండర్ల 3.6, తరువాత వచ్చిన 4.0 రకాలు మేలు. బానెట్ కింద చోటు ఉంటుంది, వేడి బాధ తక్కువ, మైలేజీ కొంత నయం. నేను మాత్రం వి12 వదలను. వచ్చే వసంతంలో ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లాక్నర్ కనుమ ఎక్కించాలని ఉంది. అది 2,504 మీటర్ల ఎత్తు. అంతకుముందు రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించాలి.