బెంగళూరులో 'హెల్దీ' చికెన్ సాసేజ్ కొంటున్నారా? ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్ళు గానీ చిన్నపిల్లలు గానీ ఉన్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మామూలు హాట్ డాగ్ (మాంసం రుబ్బి గొట్టంలా చేసిన సాసేజ్‌ను బన్నులో పెట్టి ఇచ్చేది) ఒంటికి మంచిది కాదని, దాని బదులు ఆరోగ్యకరమైనదని నమ్మి నేను ఒక చికెన్ సాసేజ్ కొన్నాను. మంచిదనుకుని నా చేత్తో నేనే ఐదు వారాలు మా మామయ్యగారికి పెట్టాను. ఏం జరిగిందో చెప్తాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఆరోగ్యకరమనిపించే మాటలు ముందు వైపు అచ్చు వేసుకుని అమ్మే ప్యాకెట్లు చాలా ఉన్నాయి. ఒక్క పేరు చెప్తే మిగతావన్నీ మంచివేనని అనుకునే ప్రమాదం ఉంది.

మాది అనంతపురం. ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. పాపకు మూడేళ్ళు దాటాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పుట్టినరోజు పార్టీలో హాట్ డాగ్ తిన్నప్పటి నుంచి దానికి అదే కావాలి. మామయ్యగారికి 68 ఏళ్ళు. ఆయన కూడా అక్కడ రుచి చూశారు. "మెత్తగా ఉందమ్మా, నమలడానికి ఇబ్బంది లేదు" అన్నారు. దవడ పళ్ళు తీయించాక ఆయన ఏదైనా ఇష్టంగా అడిగింది అదే మొదటిసారి. అందుకే వెతికాను.

పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లో ఒకటి దొరికింది. ఆకుపచ్చ ప్యాకెట్, ముందు పొలం బొమ్మ. 'ప్రిజర్వేటివ్‌లు లేవు', 'నైట్రేట్ కలపలేదు', 'ప్రోటీన్ ఎక్కువ', 'పిల్లలకు నచ్చేది' అని పెద్ద అక్షరాలు. 250 గ్రాములు, ఆరు సాసేజ్‌లు, 349 రూపాయలు. మామూలు రకం అందులో సగం ధరకే ఉంది. ఎక్కువ పెడుతున్నాం కదా, మంచిదే అయ్యుంటుందనుకున్నాను. మామయ్యగారికి రోజూ పొద్దున మూడు, పాపకు సాయంత్రం ఒకటి.

మామయ్యగారు రెండేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర మొదలైన రోజు నుంచి ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ మానేశారు. మా వైపు మనిషి ఊరగాయ లేకుండా రెండేళ్ళు అన్నం తినడమంటే ఎంత కష్టమో మీకు తెలుసు. అంత నిష్ఠగా ఉండే మనిషికి మొన్న చెకప్‌లో 158/94 వచ్చింది. సాయంత్రానికి చీలమండల దగ్గర సాక్సు గీత లోతుగా పడుతోంది. డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచేముందు ఒక ప్రశ్న అడిగారు: "ఈ నెల రోజుల్లో తిండిలో కొత్తగా ఏం చేరింది?" చేరింది ఇదొక్కటే అని చెప్పాను. ప్యాకెట్ వెనక సోడియం (ఉప్పులో ఉండేది, బీపీ పెంచేది) ఎంతుందో చూసి రమ్మన్నారు.

ఇంటికొచ్చి చూశాను. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. ఒక సర్వింగ్‌కు సోడియం 276 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి కావలసిన దాంట్లో 14 శాతం అని ఉంది. మొదట ఫర్వాలేదనిపించింది. తర్వాత పక్కన చూస్తే సర్వింగ్ అంటే 30 గ్రాములట. ఒక్క సాసేజే దాదాపు 42 గ్రాములు. అంటే వాళ్ళ లెక్కలో సర్వింగ్ అంటే ఒక సాసేజ్ కూడా కాదు, ముప్పాతిక ముక్క. ప్యాకెట్ ముందు ఉన్న బొమ్మలో మాత్రం పిల్లాడి ప్లేటులో నాలుగు సాసేజ్‌లు ఉన్నాయి.

100 గ్రాముల లెక్క పక్క గడిలో ఉంది: 920 మిల్లీగ్రాములు. మామయ్యగారి మూడు సాసేజ్‌లు 125 గ్రాములు, అంటే 1,150 మిల్లీగ్రాముల సోడియం. సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. దాదాపు 2.9 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలంటోంది.

వంటింట్లో కాటా ఉంది. చిన్న స్టీలు గిన్నె పెట్టి ఉప్పు తూచాను. 2.9 దగ్గర ఆపేసరికి గిన్నె అడుగున తెల్లగా చిన్న కుప్ప, దాదాపు అర చెంచా. మామయ్యగారికి చూపించాను. ఆయన వేలితో ఆ కుప్పను కాస్త పక్కకు జరిపి, "ఇది రోజూ పొద్దున్నేనా? దీనికన్నా ఆవకాయ ఒక బద్ద తిన్నా బాగుండేదేమో అమ్మా" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన నా మీద నమ్మకంతో తిన్నారు.

ఆ రాత్రి కూర్చుని మిగతా లేబుల్ అంతా చదివాను. మన దేశంలో ప్యాకెట్ మీద పదార్థాలను బరువు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దానికి వరసగా రాయాలని నియమం. ఇందులో మొదట చికెన్, 52 శాతం. తర్వాత నీళ్ళు. తర్వాత నూనె, సోయా ప్రోటీన్, పిండి పదార్థం, ఉప్పు. ఆ తర్వాత 451, 452 అనే అంకెలు. అవి ఫాస్ఫేట్లు, మాంసంలో నీళ్ళు నిలవడానికి వేస్తారు. సోడియం ఫాస్ఫేట్ వాడితే దాని సోడియం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి 'ఉప్పు' అనే మాట ఒక్కటి వెతికితే సరిపోదు, సోడియం అంకె చూడాలి. 250 గ్రాముల ప్యాకెట్‌లో 52 శాతమంటే 130 గ్రాముల చికెన్. దానికి నేను ఇచ్చింది 349 రూపాయలు. అదే డబ్బుకు మా సందు చివర చికెన్ కొట్టులో ముప్పావు కేజీ బోన్‌లెస్ వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది 'నైట్రేట్ కలపలేదు' అన్న మాట. నైట్రేట్, నైట్రైట్ అంటే మాంసం నిలవ ఉండటానికి వేసే లవణాలు. పదార్థాల చివర్లో 'సెలరీ పొడి, స్టార్టర్ కల్చర్' అని ఉంది. సెలరీ ఒక కాడల ఆకుకూర, అందులో సహజంగానే నైట్రేట్ చాలా ఉంటుంది. ఆ కల్చర్‌లో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మామూలు సాసేజ్‌లో 250 అనే అంకెతో ఉండే సోడియం నైట్రైట్ చేసే పనే ఇదీ చేస్తుంది, ఆ గులాబీ రంగు తెచ్చేదీ ఇదే. సెలరీ కాడ నుంచి వచ్చినా సీసాలోంచి వచ్చినా మాంసంలో చేరాక అది నైట్రైటే. న్యాయంగా ఒక మాట చెప్పాలి: నైట్రైట్‌ను ఊరికే వేయరు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియాను అది అడ్డుకుంటుంది. వేయడం నేరం కాదు. వేసేది వేస్తూనే, లేదని నమ్మించడమే నా అభ్యంతరం.

చికెన్ కదా, పంది మాంసం కాదు కదా అని కూడా నేను ధైర్యపడ్డాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబరులో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. ఉప్పు వేసి గానీ, క్యూరింగ్ చేసి (నైట్రైట్ లాంటివి పట్టించి) గానీ, పొగబెట్టి గానీ నిలవ ఉంచే మాంసం ఏదైనా ఆ నిర్వచనంలోకి వస్తుంది, కోడి మాంసంతో సహా. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టారు. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు, మామూలుగా ఉండే ముప్పు మీద అంత పెరుగుదల. సిగరెట్‌తో సమానమని కూడా కాదు, ఆ జాబితా చెప్పేది రుజువు ఎంత గట్టిదో అన్న సంగతి. ఎప్పుడో పార్టీలో ఒకటి తిన్నవాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. నేను రోజూ పెట్టాను, రోజుకు మూడు పెట్టాను. 'హెల్దీ' అని రాసుంటే అందరం చేసేది అదే, లెక్క లేకుండా పెడతాం.

పిల్లల తల్లులకు ఇంకో మాట, ఇది ఏ కంపెనీదైనా సరే. సాసేజ్‌ను గుండ్రటి బిళ్ళల్లా కోసి చిన్నపిల్లలకు ఇవ్వకండి. సరిగ్గా వాళ్ళ గొంతు గొట్టం అంత ఉంటుంది, మెత్తగా నొక్కుకుని బిరడాలా ఊపిరికి అడ్డం పడుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లోనే దీని గురించి హెచ్చరించింది. నాలుగేళ్ళలోపు పిల్లలకు తప్పనిసరిగా ముందు నిలువునా నాలుగు చీలికలు చేసి, తర్వాత చిన్న ముక్కలు చేయాలి. నేను మొదటి వారమంతా బిళ్ళలే ఇచ్చాను. ఒకరోజు పాప దగ్గి ముఖం ఎర్రబడితే ఒళ్ళు చల్లబడింది నాకు.

కస్టమర్ కేర్ సంగతి. ప్యాకెట్ తెరిచారు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వం అన్నారు. సెలరీ గురించి అడిగితే అది 'సహజమైన ఫ్లేవర్' అన్నారు. సోడియం గురించి అడిగితే, మీరు సూచించిన సర్వింగ్ కంటే ఎక్కువ తిన్నారని జవాబు. ప్లేటులో నాలుగు ఉన్న బొమ్మ ఫొటో తీసి పంపాను. ఆ తర్వాత చాట్ మూసేశారు.

అత్తయ్య సోమ, శనివారాలు నీచు ముట్టరు కాబట్టి ఆవిడ కోసం ఇంకో కంపెనీ శాకాహార సాసేజ్ కూడా ఒకటి తెచ్చాను. సోడియం దాదాపు అంతే ఉంది. కొబ్బరి నూనె వాడటం వల్ల సంతృప్త కొవ్వు చికెన్ సాసేజ్‌లో కన్నా ఎక్కువ. ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారమని మాత్రమే అర్థం, ఒంటికి మంచిదని కాదు. ఇంకో విషయం, గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టని ఇళ్ళవాళ్ళు పదార్థాల్లో 'కొల్లాజెన్ కేసింగ్' అని ఉంటే అది దేని నుంచి తీసిందో కంపెనీని అడగండి. చికెన్ సాసేజ్ పైన పొర చికెన్‌దే కానక్కర్లేదు, కొల్లాజెన్ ఎక్కువగా పశువుల చర్మం నుంచి తీస్తారు.

మరి పాపకు ఏం పెడుతున్నానని అడిగారు ఇద్దరు ముగ్గురు స్నేహితులు. ఇంట్లోనే చేస్తున్నాను. అర కేజీ బోన్‌లెస్ చికెన్ కళ్ళ ముందే కీమా కొట్టించి తెస్తాను. అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, సన్నగా తరిగిన కొత్తిమీర, రెండు చెంచాల పుట్నాల పొడి, ఒక గుడ్డు తెల్లసొన, కాటాలో తూచిన 4 గ్రాముల ఉప్పు. చేతికి నీళ్ళు తడుపుకుంటూ బాగా పిసికితే జిగురొస్తుంది, అదే పట్టు. పన్నెండు భాగాలు చేసి, వేడి చేసి మెత్తబరిచిన అరటాకు ముక్కల్లో వేలు మందాన చుట్టి, రెండు చివర్లా దారంతో కట్టి, ఇడ్లీ పాత్రలో ఇరవై నిమిషాలు ఆవిరి పెడతాను. ఒకటి కోసి చూడాలి, లోపల ఎక్కడా పచ్చిదనం ఉండకూడదు. తర్వాత పెనం మీద కాస్త నూనెతో దొర్లిస్తే పైన రంగు వస్తుంది. లోపల మాత్రం తెల్లగానే ఉంటుంది, గులాబీ రంగు రాదు. పాప మొదటి రోజు రంగు చూసి వద్దంది, రెండో రోజు అరటాకు తనే విప్పుతానని కూర్చుంది. ఒక్కోదానిలో కలిపిన ఉప్పు గ్రాములో మూడో వంతు. ఇందులో నిలవ ఉంచే మందేమీ లేదు కాబట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచను. బన్ను బదులు జొన్నరొట్టెలో చుట్టి ఇస్తే మామయ్యగారు ఇష్టంగా తింటున్నారు, రొట్టె మాత్రం మెత్తగా కాల్చాలి. అత్తయ్యకు ఉడికించిన అలసందలు, పనీరు కలిపి అలాగే చుడతాను. కాస్త విరుగుతుంది గానీ రుచి బాగుంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి ప్యాకెట్ ఉంటే పారేయకండి. బిల్లు, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, ముందు వెనక ఫొటోలు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, నేను రెండూ చేశాను.

సాసేజ్ మానేసి మూడు వారాలైంది. మాత్ర అదే, మోతాదు మార్చలేదు. నిన్న మామయ్యగారికి 136/86 వచ్చింది, చీలమండ దగ్గర సాక్సు గీత కూడా తగ్గింది. ఇది ఒక్కటే కారణమని తను చెప్పలేనని, కానీ మళ్ళీ మొదలుపెట్టొద్దని డాక్టరుగారు అన్నారు. ఫిర్యాదు పెట్టి పదకొండు రోజులు. తెరవని ప్యాకెట్ ఒకటి ఫ్రీజర్‌లో అలాగే ఉంచాను, అడిగితే చూపించడానికి. జవాబు ఏం వచ్చినా మళ్ళీ రాస్తాను.